అడవికాయల వగరును చిగుళ్ల వ్యాధియు

జొన్నరొట్టె, సజ్జరొట్టె, కొర్రబువ్వ, వేరుసెనగ విత్తు, ఉడికించిన అలసందలు: ఇవి మన మెట్టసీమ తిండ్లు. రాగిసంగటి తప్ప వీనిలో నేదియు నమలక మ్రింగదగినది కాదు. కావున పండ్లు పోయిన రైతు క్రమముగా సంగటికిని అంబలికిని దిగివచ్చును. తిండి తగ్గిన కొలది ఒడలి సత్తువయు తగ్గును. సంతలో ఎద్దును కొనునప్పుడు దాని నోరు తెరచి పండ్లు చూడక రూకలీయని మనము, మన నోటిలోని పండ్లను నొప్పి పుట్టువరకు చూడము.

"వయసు మీరినది గనుక పండ్లు కదలుచున్నవి" అని పల్లెలలో చెప్పుకొనుట కలదు. ఇది నిజము కాదు. పెద్దవారికి పండ్లు ఊడుటకు గల ముఖ్యకారణములలో చిగుళ్ల వ్యాధి యొకటి. ముదిరిన చిగుళ్ల వ్యాధి గలవారు లోకమున నూరుకోట్లకు పైగా నున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది.

ఇటీవల కొన్ని చిన్నకాయల సారము చిగుళ్ల వ్యాధి క్రిములను అణచునను వార్త పల్లెలవరకు వచ్చినది. దానిని విని సంఘసభ్యులు మమ్ము రెండు ప్రశ్నలడిగిరి. మన కొండలలోని ఉసిరికాయ, కలివికాయ, నేరేడుపండు మొదలగువానికిని ఈ గుణము కలదా యనునది మొదటిది. కలదేని, వానిపొడితో చిగుళ్లరోగము కుదుర్చుకొని వైద్యుని యొద్దకు పోవు ఖర్చు తప్పించుకొనవచ్చునా యనునది రెండవది. మొదటిదానికి చాలవరకు ఔననియు, రెండవదానికి కాదనియు మా సమాధానము. ఏల ఔనో, ఏల కాదో ఈ పాఠమున వివరింతుము.

వ్యాధి యెట్లు పుట్టును

ప్రతిదినము పండ్లమీద, ముఖ్యముగా పంటికిని చిగురునకును నడుమ, జిగటయైన పాచి చేరును. అది తిన్న తిండి మిగులు మాత్రమే కాదు; సూక్ష్మజీవుల గుంపు. హాలండు దేశమున డెల్ఫ్టు నగరమునందు బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్ అనునాతడు తాను చేసికొన్న సూక్ష్మదర్శినితో తన పంటిపాచిని చూచి, అందు కదలాడు జీవులున్నవని 1683లో వ్రాసెను.

పాచిని తీయక విడిచినచో ఏమగునో డెన్మార్కు దేశమున లో అను దంతవైద్యుడును ఆయన సహచరులును 1965లో ప్రత్యక్షముగా చూపిరి. ఆరోగ్యవంతులైన 12 మంది పండ్లు తోముకొనుట మానిరి. 10 దినములు మొదలు 21 దినములలోపల అందరికిని చిగుళ్లు ఎర్రబడి వాచెను. మరల తోముకొనుట మొదలుపెట్టగా కొలదిదినములలోనే చిగుళ్లు మునుపటి స్థితికి వచ్చెను. ఈ ప్రయోగమువలన రెండు సంగతులు తేలినవి: చిగుళ్ల వాపునకు పాచియే కారణము, ఆరంభదశలో దానిని తీసివేసినచో వాపు తగ్గును.

వాపును లక్ష్యపెట్టనిచో పాచి గట్టిపడి గార యగును. గారపై మరల పాచి చేరును. చిగురు పంటిని విడిచి, నడుమ సందు ఏర్పడును. ఆ సందు లోతైనకొలది గాలి తగులని చోటు గనుక, గాలి లేనిచోటనే పెరుగు చెడ్డ క్రిములు అందు వృద్ధియగును. వీనిలో పేరుపొందినవి పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపోనీమా డెంటికోలా అనునవి. ఫ్యూజోబాక్టీరియం న్యూక్లియేటం అను పొడుగుపాటి క్రిమి వేర్వేరు జాతుల క్రిములను ఒకదానితో నొకటి కలుపు వంతెనవలె నుండును. క్రమముగా పంటిని పట్టియున్న ఎముక కరగిపోవును. మట్టి కోసుకొనిపోయి వేళ్లు బయలుపడిన గట్టుమీది చెట్టు గాలికి ఊగినట్లు ఆ పన్ను ఊగును.

ఒకటిగా భావింపబడు మూడు సంగతులు

మన సీమలో మూడు వేర్వేరు బాధలను ఒకటిగా తలచుట కలదు. వానిని వేరుపరచుకొననిచో మందు తప్పును.

మొదటిది పైన చెప్పిన చిగుళ్ల వ్యాధి. దీనికి మూలము పాచి.

రెండవది పండ్లపై పుట్టుకనాటినుండి కనబడు పసుపు, గోధుమరంగు మచ్చలు. ఇవి క్రిములవలన గలిగినవి కావు. త్రాగునీటిలో ఫ్లోరైడు అధికముగా నుండుటచే, పసితనమున పండ్లు ఏర్పడునప్పుడే కలుగును. భారతదేశమున ఈ వ్యాధి తొలుత 1937లో నాటి నెల్లూరు జిల్లానుండియే శాస్త్రజ్ఞులచే ప్రకటింపబడినది. మన జిల్లాలలోని కొన్ని బోరుబావులందును ఈ దోషము కలదు. లీటరునకు 1.5 మి.గ్రా. మించిన ఫ్లోరైడుగల నీరు త్రాగరాదు. ఈ మచ్చలు ఏ కాయసారముతోను పోవు. నీటిని మార్చుటయే మార్గము.

మూడవది కరవుకాలపు చిగుళ్ల రోగము. పచ్చికూరలు, పండ్లు బొత్తిగా లేక సి విటమిను కొరవడినప్పుడు చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారును. 1939-40 ప్రాంతమున పంజాబు రాష్ట్రమందలి హిస్సారు జిల్లాలో కరవు వచ్చి ఈ రోగము వ్యాపింపగా, ఉసిరికాయ నిచ్చి రోగులను బాగుచేసిరి. 1876-78 నాటి ధాత కరవు కథలను నేటికిని చెప్పుకొను మన సీమవారికి ఈ సంగతి తెలియదగినది. మన పాత ఆహారపట్టికలలో 100 గ్రాముల ఉసిరికాయకు 600 మి.గ్రా. సి విటమిను చూపబడినది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలో సుమారు 250 మి.గ్రా. కలదు. తక్కువ అంకెనే తీసికొన్నను ఉసిరి తక్కిన పండ్లలో పెక్కింటిని మించును.

హిస్సారులో ఉసిరి చేసిన మేలు ఆహారముగా చేసిన మేలే గాని, క్రిములను చంపుటచే చేసినది కాదు. ఈ భేదమును మరువరాదు.

వగరు అననేమి

ఉసిరి, కరక్కాయ, తానికాయ, నేరేడు, కలివి, రేగు: వీని నన్నిటిని నమిలినప్పుడు నోరు పట్టుకొనినట్లు తోచును. అదియే వగరు. దానికి కారణమైన పదార్థములను శాస్త్రజ్ఞులు టానినులు అందురు.

టానిను చేయుపని మన పల్లెలకు క్రొత్త కాదు. పచ్చితోలును తంగేడుచెక్క నీటిలోను, కరక్కాయ నీటిలోను నానవేసి పదును చేయుట మన తోళ్ల పనివారు తరతరములుగా ఎరిగినదే. పచ్చితోలు మాంసకృత్తులతో నిండియున్నది. దానిని విడిచిన క్రుళ్లును. టానిను ఆ మాంసకృత్తులను పట్టి బిగించుటచే తోలు క్రుళ్లక నిలుచును. నోటియందును టానిను ఇదే పని చేయును. క్రిమి పైపొరయందలి మాంసకృత్తులను అది పట్టుకొనును. చిగురును కరగించుటకై క్రిమి విడుచు రసములనుగూడ పట్టుకొనును. అందుచే క్రిమి పెరుగుట తగ్గును. పంటికి అంటుకొనుటయు తగ్గును.

పరదేశపు కాయలు, మన కాయలు

ఉత్తర అమెరికాలో క్రాన్‌బెర్రీ యను ఎర్రని పుల్లకాయ కలదు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయమునందు వైస్ మొదలగువారు దాని రసమునుండి ఒక భాగమును వేరుచేసి, నోటిక్రిములను జతలుజతలుగా కలిపి 1998లో పరీక్షించిరి. ఒకదానినొకటి పట్టుకొను 84 జతలలో 49 జతలను ఆ సారము విడదీసినది. కాని అంగడిలో అమ్ము క్రాన్‌బెర్రీ పానీయమునందు చక్కెర అధికము గనుక అది నోటిశుభ్రమునకు తగదనియు వారే వ్రాసిరి. కెనడా దేశమున లావల్ విశ్వవిద్యాలయమువారు నీలివర్ణముగల బ్లూబెర్రీ సారము ఫ్యూజోబాక్టీరియమును అణచుననియు, అది పొరగా కట్టుటను తగ్గించుననియు 2015లో చూపిరి.

ఈ కాయలు మన ఎండలకు పెరుగవు. అయినను మనకు లోటు లేదు. నల్లమల, ఎర్రమల, పాలకొండ, శేషాచలము, లంకమల అడవులలో వగరుకాయలు పెక్కులు కలవు. 1986లో లంకమల ప్రాంతమున మరల కనబడి లోకప్రసిద్ధమైన కలివికోడి పేరులోని కలివి మన పొదకాయయే. ఉసిరి, కరక, తాని అను మూడుకాయల చూర్ణమునకే త్రిఫలమని పేరు. ఈ త్రిఫలమునుగూర్చి మనదేశమున 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధన కలదు. 8 మొదలు 12 ఏండ్ల వయసుగల 1431 మంది బడిపిల్లలను అందు చేర్చి, కొందరిచే త్రిఫలపు నీటితోను, కొందరిచే దంతవైద్యులు వాడు క్లోర్‌హెక్సిడిన్ మందునీటితోను, కొందరిచే వట్టినీటితోను పుక్కిలింపజేసిరి. త్రిఫలము పాచిని, చిగుళ్ల వాపును తగ్గించుటలో ఆ మందునీటితో సమానముగా పనిచేసెనని తేలినది. క్లోర్‌హెక్సిడిన్ ఎక్కువకాలము వాడినచో పండ్లకు గోధుమరంగు పట్టించును గనుక ఈ ఫలితము గమనింపదగినది.

గాజుపళ్లెమునందలి పరీక్ష

క్రిములపై కాయసారమును పరీక్షించు విధానము మన ప్రదర్శనమడి వంటిదే. గాజుపళ్లెములో క్రిములకు ఆహారమైన జిగురును పోసి, పైన క్రిములను చల్లి, నడుమ చిన్నగుంటలో సారమును వేయుదురు. సారము పారినంతమేర క్రిములు మొలవక తేటవలయము ఏర్పడును.

మేము క్రొత్త ఎరువును చూపునపుడు ప్రక్కన ఎరువు వేయని మడిని తప్పక ఉంచుదుము. అది లేనిచో పంట ఎరువువలన పెరిగినదో, వానవలన పెరిగినదో తెలియదు. అట్లే ఈ పరీక్షయందును పోల్చిచూచు గుంట యుండవలెను. పెక్కు సారములను సారాయివంటి ద్రవమునందు నానవేసి తీయుదురు. ఆ ద్రవము తానే క్రిములను చంపును. కావున వట్టిద్రవము వేసిన గుంట ప్రక్కన లేనిచో, చంపినది కాయయో సారాయియో చెప్పజాలము. "మా పొడి క్రిములను చంపునని పరీక్షలో తేలినది" అని యెవరైన చెప్పినచో, ఏ క్రిములను, ఎంత మోతాదుతో, దేనితో పోల్చిచూచి అని అడుగుడు.

నోటిలో నేమగును

గాజుపళ్లెమున గెలిచిన సారము నోటిలో గెలువకపోవుటకు మూడు కారణములు కలవు.

ఒకటి, పళ్లెమున సారము ఒకటి రెండు దినములు క్రిములతో కలిసియుండును. నోటిలో అరనిమిషము పుక్కిలించి ఉమిసివేయుదుము. రెండు, లాలాజలమునందును మాంసకృత్తులున్నవి. వగరులో కొంతభాగము క్రిమిని చేరకమునుపే వానితో కలిసి ఖర్చగును. నోరు పట్టుకొనినట్లు తోచుట ఈ కలయికవలననే. మూడు, పాచిలోని క్రిములు విడివిడిగా లేవు, జిగటపొరలో దాగియున్నవి. ఈ సంగతియు లీవెన్‌హుక్ కాలమునాడే తెలిసినది. ఆయన ద్రాక్షపులిసిన కాడితో నోరు కడిగికొని చూడగా, పాచి పైభాగమునందలి జీవులు చచ్చెను గాని లోపలివి బ్రతికియుండెను.

పంటికిని చిగురునకును నడుమ సందు లోతైనచో పుక్కిలించిన నీరు అడుగువరకు పోదు. గట్టిపడిన గార ఏ కాయనీటికిని కరగదు. దానిని దంతవైద్యుడు పనిముట్టుతో గీకి తీయవలసినదే. పైన చెప్పిన 2011 నాటి పరిశోధనము బడిపిల్లలమీద జరిగినది; పండ్లు కదలుచున్న పెద్దవారిమీద జరిగినది కాదు. మొలకదశలోని కలుపును దంతితో తీయవచ్చును. వేరు దిగిన తుంగకు లోతుదుక్కి కావలెను.

ఇంట చేయదగినది

ప్రొద్దున, రాత్రి పరుండబోవుముందు పండ్లు తోముకొనవలెను. వేపపుల్లయైనను గానుగపుల్లయైనను కొనను మెత్తగా నమిలి కుంచెవలె చేసి, చిగురు అంచున మెల్లగా తిప్పవలెను. మెత్తని బ్రష్షును ఫ్లోరైడుగల పేస్టును దొరకువారు వానిని వాడుట మేలు. ఇటుకపొడి, ఇసుక, బొగ్గు పండ్లపైపొరను అరగదీయును. పొగాకుపొడితో పండ్లు తోముట మిక్కిలి హాని. పండ్లపొడులలో పొగాకు కలుపుటను మన ప్రభుత్వము 1992లోనే నిషేధించినది. బీడీ, ఖైని మానక చిగుళ్లకు ఎంత మందు చేసినను ఫలము తక్కువ. పొగత్రాగువారికి చిగుళ్లనుండి నెత్తురు తక్కువగా కారుటచే రోగము దాగియుండును.

త్రిఫలచూర్ణమును వాడగోరువారు ఒక చెంచెడు చూర్ణమును గ్లాసెడు నీటిలో కాచి, వడగట్టి, గోరువెచ్చగా నున్నప్పుడు పుక్కిలించి ఉమియవచ్చును. ఇది తోముటకు తోడుగా చేయునదే గాని, తోముటకు బదులు కాదు. పంచదారయు బెల్లమును అందు కలుపరాదు. ఉసిరి, కలివి, రేగుకాయలను దినమంతయు బుగ్గన పెట్టుకొని చప్పరించుట మంచిది కాదు. పులుసు పండ్లపైపొరను మెత్తపరచును. తిన్నపిమ్మట వట్టినీటితో నోరు కడిగి, అరగంట గడచినపిదప తోముకొనవలెను.

చిగుళ్లనుండి నెత్తురు రెండు వారములకు మించి కారినను, చీము వచ్చినను, పన్ను కదలినను ఆలస్యము చేయరాదు. కడపయందు ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. మధుమేహము గలవారు ఈ విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. చక్కెర అదుపు తప్పినచో చిగుళ్ల వ్యాధి ముదురును, చిగుళ్ల వ్యాధి ముదిరినచో చక్కెర అదుపు కష్టమగును.

సంఘములు చేయదగినది

కాయలు మందుగా పనిచేసినను చేయకున్నను, ఉసిరి మెట్టనేలకు తగిన చెట్టు. వానాభావమును ఓర్చును, కొంత చౌడునేలనుగూడ సహించును. ఉత్తరప్రదేశమునుండి వచ్చిన చకయ్య, కాంచన్, ఎన్.ఎ.-7 అను రకముల అంటుమొక్కలు నాలుగైదేండ్లకు కాపునకు వచ్చును. ఒకేరకమును నాటక రెండు మూడు రకములను కలిపి నాటినచో పుప్పొడి కలిసి కాపు బాగుగా నిలుచును. తొలకరికి ముందు గుంతలు త్రవ్వి ఎండనిచ్చి, పశువులెరువు వేసి, వానలు పడగానే నాటవలెను. గట్లమీద కలివిపొదలు పెంచినచో కంచెయు కాయయు రెండును దక్కును.

అడవికాయలు కొనదలచిన సంఘములు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. నల్లమలలో ఉసిరి, కరక, తాని మొదలగువానిని ఏరుకొని అమ్ముకొనుట చెంచుల జీవనాధారములలో నొకటి. 2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా అడవి ఫలసాయముపై వారి హక్కును గుర్తించినది. గిరిజన సహకార సంస్థ 1956లో స్థాపింపబడినది ఇట్టి సరకును దళారుల చేతినుండి తప్పించుటకే. సాటి సహకారులతో బేరము న్యాయముగా నుండవలెను. కొమ్మలు నరికి తెచ్చిన కాయలను కొనరాదు. ఆ కొమ్మ మరల కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును.

పండ్లపొడి చేసి "చిగుళ్లరోగము కుదురును" అని చీటి అంటించి అమ్ముటకు 1940 నాటి ఔషధచట్టము క్రింద లైసెన్సు కావలెను. లైసెన్సు లేని పొడి వ్యాపారమునకు పెట్టుబడి పెట్టుమని యెవరైన సంఘమును ప్రేరేపించినచో సభ్యులు సమ్మతింపరాదు. ఊరగాయ, ఎండుముక్కలు, మురబ్బా మొదలగు ఆహారపదార్థములకును ఆహారశాఖవారి నమోదు వలయును గాని, వానియందు రోగము కుదుర్చునను అబద్ధము చెప్పవలసిన పని లేదు.

సంగ్రహము

1. చిగుళ్ల వ్యాధికి మూలము పాచి. పాచిని తీయుటయే మొదటి మందు.

2. వగరుకాయలలోని టానినులు క్రిములను అణచును; త్రిఫలపు నీరు చిగుళ్ల వాపు ఆరంభదశలో తోడ్పడును.

3. గారను, లోతుసందును, కదలు పంటిని ఏ కాయయు బాగుచేయదు, దంతవైద్యుని చూడవలెను.

4. ఫ్లోరైడు మచ్చలకు నీటిని మార్చవలెను. ఆహారలోపమునకు ఉసిరివంటి కాయలు తినవలెను.

5. ఉసిరిని ఆహారపంటగా లెక్కవేసి నాటుడు; మందుగా అమ్ముదుమను ఆశతో నాటకుడు.

ఈ పాఠమును చదువురాని సభ్యులకు మాససభలో చదివి వినిపింపవలెనని సంఘ కార్యదర్శులను కోరుచున్నాము. సభ ముగిసినపిదప ప్రతిసభ్యుడును ఇంటికి పోయి, వెలుతురున అద్దము పట్టుకొని తన చిగుళ్లను, ఇంటిలోని పెద్దవారి చిగుళ్లను ఒకమారు చూచినచో మా శ్రమ ఫలించినట్లే.